మంచం కింద ఎవరున్నారు?

మూడేళ్ల పిల్లతో ఎప్పుడైనా దాగుడుమూతలు ఆడారర్రా? గది నడిమధ్యన నిలబడి, రెండు చేతులతో కళ్లు మూసుకుని, "నేను దాక్కున్నా తాతా!" అంటుంది. తనకు మనం కనబడకపోతే మనకూ తను కనబడదని దాని లెక్క. చూసి మనం నవ్వుకుంటాం. కానీ ఆ లెక్క తప్పని తెలిసిన నాటి నుంచే మనిషికి కథ రుచి తెలుస్తుంది.

1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిల్లలకు ఓ చిట్టి కథ చెప్పారు. మాక్సీ అనే కుర్రాడు చాక్లెట్టు నీలం అలమరలో పెట్టి ఆటకు పోయాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ అందులోంచి కొంచెం వంటకు తీసుకుని, మిగిలింది ఆకుపచ్చ అలమరలో పెట్టేసింది. మాక్సీ తిరిగొచ్చాడు. ఇప్పుడు ఏ అలమర తెరుస్తాడు?

మనం నీలం అంటాం. మూడేళ్ల వాళ్లు చాలావరకు ఆకుపచ్చ అంటారు. చాక్లెట్టు అక్కడే ఉంది కదా, మాక్సీకి తెలియకపోవడమేమిటి! నాలుగేళ్లు దాటి ఐదు వచ్చేసరికి "పాపం, వాడు చూళ్లేదుగా" అంటూ చాలామంది నీలం అలమరే చూపిస్తారు. మాటలు రాని పసివాళ్లకే ఈ సంగతి కొంత తెలుసని 2005లో ఒనిషి, బయ్యార్జన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 15 నెలల పిల్లలతో ప్రయోగం చేసి అన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు లెండి.

మీ ఇంట్లో పరీక్షకు చాక్లెట్లూ అలమరలూ అక్కర్లేదు, సీతమ్మ కథ చాలు. జోలె పట్టుకుని వచ్చినవాడు రావణుడని వినే పిల్లకు తెలుసు, సీతకు తెలియదు. మరీ చిన్నపిల్లయితే "రాక్షసుడికి బువ్వెందుకు పెట్టింది?" అంటుంది. కాస్త పెద్దదైతే "వద్దు సీతమ్మా, వెళ్లకు!" అని కేకేస్తుంది.

ఎదుటివాడి బుర్రలో ఏముందో ఊహించే ఈ పనికి మెదడులో ప్రత్యేకంగా చురుకెక్కే చోటు ఒకటుంది, కుడిచెవికి వెనగ్గా, కాస్త పైన. ఎవరేమనుకుంటున్నారో చెప్పే కథలు చదివించి, రెబెకా సాక్స్, నాన్సీ కాన్విషర్ అనే శాస్త్రజ్ఞులు 2003లో దాన్ని చూపించారు. కథకుడు ఆడుకునేది ఆ చోటుతోనే.

కొందరు కథకులు మనకు పాత్ర కంటే ఎక్కువ తెలియనిస్తారు. మొక్కపాటివారి నవలలో బారిస్టర్ పార్వతీశం "నేను, నేను" అంటూ తన కథ తనే చెప్పుకుంటాడు. ఆడవాళ్లు పెట్టుకునే టోపీ కొనుక్కుని దర్జాగా బయల్దేరతాడు. ఆ సంగతి అతని కంటే ముందే పసిగట్టి మనం నవ్వుతాం. నిజానికి అక్కడ "నేను"లు ఇద్దరు: ఆ రోజు టోపీ పెట్టుకున్న వెర్రిబాగులవాడొకడు, అంతా తెలిసీ తెలియనట్టు చెబుతున్న గడుసువాడొకడు.

గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' దీనికి తిరగబడ్డ వ్యవహారం. చదవనివాళ్లుంటే ముందు అది చదివి రండి, పది నిమిషాల పని. గుట్టు విప్పేస్తున్నాను. సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు, చీకట్లో అగ్గిపుల్ల గీసి మంచం వైపు చూస్తాడు. భార్య కమలిని లేదు. పుట్టింటికి వెళ్లిపోతున్నానన్న ఉత్తరం ఉంది. ఇంకేముంది, పశ్చాత్తాపం! చివర్లో మంచం కింద నుంచి నవ్వు వినబడుతుంది.

ఆ అగ్గిపుల్ల దగ్గర కాసేపు ఆగండి. ఆ వెలుతురులో అతను మంచం మీద చూశాడే తప్ప కింద చూడలేదు. మనమూ చూడలేదు. "గోపాలరావు అనుకున్నాడు" అని మూడో మనిషిలా చెబుతూనే, గురజాడ మనల్ని అతని కళ్ల వెనకే కూర్చోబెట్టాడు. అంతా తెలిసిన రచయిత నోరు మెదపలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు, చూపు మాత్రం కదలనివ్వలేదు. కథలు రాసే కుర్రకారు "నేను" అని రాయాలా, "అతను" అని రాయాలా అని తల పట్టుకుంటారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఎవరి వెనక నిలబడి చూస్తున్నామన్నది మొదటిది.

ఇదే కథ కమలిని చెబితే? మంచం కింద దుమ్ములో పడుకుని, నవ్వాపుకుంటూ, మొగుడి అడుగులు వింటూ ఉంటుంది. మనకు మొదటి వాక్యంలోనే గుట్టు తెలిసిపోతుంది. ఉత్తరం చదివి అతను కుంగిపోతుంటే మనకు జాలి వేయదు, "ఇంకా ఎంతసేపు ఏడిపిస్తుందో" అని తమాషా చూస్తాం. సంఘటనలు రవ్వంత కూడా మారలేదు, కథ మాత్రం ప్రహసనమై కూర్చుంది.

ఇక నౌకరు రాముడున్నాడు. మొగుడూపెళ్లాల మధ్య వీపు మీద గుద్దులు తిన్నవాడు వాడే. వాడి చేత చెప్పించి చూడండర్రా. ఆ కథకు 'దిద్దుబాటు' అని పేరు పెడతాడంటారా?