కారు లోపల అక్కరలేనివి తీయాలంటే

కొత్త కారు లోపల యజమాని కోరి పెట్టించుకున్నవి కొన్ని ఉంటాయి, కోరకుండానే వచ్చినవి ఇంకొన్ని ఉంటాయి. కంపెనీలు కార్లను వేరియంట్ల లెక్కన అమ్ముతాయి. సన్‌రూఫ్ కోసమో, ఆటోమేటిక్ గేర్ల కోసమో పై వేరియంట్ కొన్నవారికి రంగు లైట్లు, ఆర్మ్‌రెస్ట్, క్రోమ్ పట్టీలు, వెనక అద్దానికి తెర కలిసే వస్తాయి. ఇవి ఫ్యాక్టరీలో బిగించినవి. డెలివరీకి ముందు షోరూమ్‌వాళ్లు తగిలించే బేసిక్ కిట్ వేరు. మ్యాట్లు, సీటు కవర్లు, తలుపు గడప మీది స్టీలు పట్టీలు అందులోవి.

చూడ్డానికి రెండూ ఒకటిగానే ఉన్నా విప్పేటప్పుడు తేడా తెలుస్తుంది. ఫ్యాక్టరీ భాగానికి సొంత గాడి, సొంత కప్లర్ ఉంటాయి. జాగ్రత్తగా తీస్తే మచ్చ మిగలదు, కావాలంటే తిరిగి పెట్టుకోవచ్చు. తర్వాత తగిలించిన వాటిని మాత్రం చాలాసార్లు జిగురుతోనో, కొత్తగా వేసిన స్క్రూతోనో, మధ్యలో కోసి అతికిన వైరుతోనో నిలబెడతారు. ఏది ఏ కోవకు చెందిందో ఇన్‌వాయిస్ చూస్తే చాలావరకు తేలిపోతుంది. షోరూమ్ సామాన్లకు విడిగా బిల్లు వేస్తారు.

అన్నిటికన్నా ముందు తీయాల్సినది అసలు యాక్సెసరీయే కాదు. సీట్లకు చుట్టిన ప్లాస్టిక్ కవరు రవాణాలో మురికి అంటకుండా వేసిన ప్యాకింగ్. కారు పాతబడినట్టు కనిపించకూడదని దాన్ని నెలల తరబడి ఉంచుకునేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. దాని కింద చెమ్మ చేరి సీటు వాసన వేస్తుంది. పైగా చాలా కార్లలో ముందు సీట్ల పక్క కుట్టులోనే సైడ్ ఎయిర్‌బ్యాగు ఉంటుంది, దాన్ని తెలిపే చిన్న ట్యాగు సీటు అంచున కనిపిస్తుంది. ఆ కుట్టును మూసేసే ఏ కవరైనా బ్యాగుకు అడ్డమే. ఎయిర్‌బ్యాగు కోసం పక్కన ప్రత్యేకంగా కుట్టని సీటు కవర్లకూ ఇదే వర్తిస్తుంది.

మ్యాట్ల విషయంలో ఒక్క నియమం చాలు. పాతది తీశాకే కొత్తది వేయాలి, డ్రైవర్ వైపు మ్యాటును నేల మీది కొక్కేనికి తగిలించాలి. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ కారులో వేరే మోడల్‌కు చెందిన మ్యాటు యాక్సిలరేటర్‌ను పట్టేయడంతో నలుగురు చనిపోయారు. ఆ తర్వాతి నెలలోనే టొయోటా అక్కడ దాదాపు 38 లక్షల వాహనాలకు మ్యాట్ల రీకాల్ ప్రకటించింది.

సిగరెట్ లైటర్, బూడిద డబ్బా వంటివి చేత్తో లాగితే వచ్చేస్తాయి. లైటర్ తీశాక మిగిలే 12 వోల్టుల సాకెట్ ఫోన్ చార్జర్‌కు పనికొస్తుంది కనుక దాన్ని కదపనక్కర్లేదు.

జిగురుతో అంటించిన పట్టీలకు బలం కన్నా వేడి ముఖ్యం. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి చేసి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని పట్టీ కింద రంపంలా ఆడిస్తే జిగురు తెగి పట్టీ ఊడుతుంది. మిగిలిన జిగురు మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది. పెట్రోలు, థిన్నర్ మాత్రం ప్లాస్టిక్ మెరుపును తినేస్తాయి. అద్దాల ఫిల్మూ ఇలాగే వేడితో వస్తుంది. వెనక అద్దం మీద బ్లేడు పెడితే మంచు కరిగించే సన్నని హీటర్ గీతలు తెగిపోతాయి, వాటిని బాగుచేయడం తేలిక కాదు. నల్ల ఫిల్ములపై 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినా షోరూమ్ దగ్గర వేయించుకునేవారు ఇంకా ఉన్నారు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నియమం.

అసలు నేర్పు కావాల్సింది ప్యానెళ్ల దగ్గర. తలుపు లోపలి అట్ట, గేరు చుట్టూ ఉండే గార్నిష్, డ్యాష్‌బోర్డు మీది అలంకారపు పట్టీ ఎక్కువగా ప్లాస్టిక్ లాకుల మీదే నిలుస్తాయి. స్క్రూలు ఉన్నా చిన్న మూతల కిందో, తలుపు లాగే పిడి లోపలో దాక్కుంటాయి. వాటిని వెతికి విప్పకుండా గుంజినవారికి ప్యానెల్ రెండు ముక్కలుగా చేతికొస్తుంది. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అంచు నొక్కుకుపోతుంది కనుక ప్లాస్టిక్ బద్దలే వాడాలి. చలికాలం తెల్లవారుజామున లాకులు పెళుసుగా ఉంటాయి. కాస్త ఎండ తగిలాక అదే లాకు వంగి వదులుతుంది. ప్యానెల్‌ను పక్కకు కాకుండా తిన్నగా ఎదురుగా లాగాలి, ఒక లాకు వదిలాకే పక్కదాని దగ్గరికి వెళ్లాలి. కొన్ని లాకులు బాడీ రంధ్రంలోనే ఉండిపోతాయి. వాటిని పీకి మళ్లీ ప్యానెల్‌కు తొడిగాకే బిగించాలి. విరిగిన లాకు చవకే, స్పేర్ పార్టుల దుకాణంలో విడిగా దొరుకుతుంది. విరిగిన ప్యానెల్ చవక కాదు. బిగింపు సరిగ్గా కుదరకపోతే గతుకుల రోడ్డు మీద మొదలయ్యే కిరకిర శబ్దం తీసేసిన పట్టీ కన్నా ఎక్కువ విసిగిస్తుంది.

వైరు ఉన్న వస్తువు దగ్గర ముందు అడగాల్సింది ఒకటే: ఆపేస్తే సరిపోదా? రంగు లైట్లు, స్వాగత సంగీతం, తలుపు తీయగానే వచ్చే మాటలు చాలా కార్లలో సెట్టింగుల్లోనే ఆగిపోతాయి. తీయక తప్పనప్పుడు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, కప్లర్‌ను దాని నొక్కుతో వదిలించి, ఊగి చప్పుడు చేయకుండా టేపు చుట్టి కట్టేయాలి. వైరు కోయడం ఎప్పుడూ తప్పే. కోసిన వైరు షార్టైతే ఆ భాగానికి వారంటీ నిరాకరించడానికి కంపెనీ చేతికి కారణం అందించినట్టే. పాత కార్లలో రేడియో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తున్న ప్రామాణిక పెట్టె కాబట్టి ఎవరైనా తీసి మార్చేవారు. ఇప్పటి టచ్‌స్క్రీన్‌కు రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీటలు, కొన్ని కార్లలో ఏసీ కూడా ముడిపడి ఉన్నాయి. నచ్చకపోయినా దాన్ని ఉంచుకోవడమే మేలు.

పసుపు రంగు కప్లర్ కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోవాలి. అది ఎయిర్‌బ్యాగుది. స్టీరింగ్ మధ్యభాగం, డ్యాష్‌బోర్డు ఎడమ మూత, ముందు సీట్లు, పైకప్పు అంచులు ఇంట్లో విప్పే చోట్లు కావు. బ్యాటరీ తీసినా ఆ వ్యవస్థలో కొద్ది నిమిషాలపాటు విద్యుత్తు నిలిచి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మూత మీద అంటించిన దేవుడి బొమ్మను మాత్రం తీసి వేరే చోట పెట్టాలి. బ్యాగు తెరుచుకుంటే ఆ బొమ్మ నేరుగా ముందు కూర్చున్నవారి మీదికే వస్తుంది. హెడ్‌రెస్టులు వెనక చూపుకు అడ్డమని తీసేవారున్నారు. వెనక నుంచి గుద్దినప్పుడు మెడను కాచేవి అవే.

సీటు బెల్టు పెట్టకపోతే మోగే బీప్, 80 కిలోమీటర్ల వేగం దాటితే హెచ్చరించే శబ్దం చిరాకు కోవలోకి రావు. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో ఇవి తప్పనిసరి. బీప్ నొక్కేసే క్లిప్పులు అమ్ముతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఐదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలపై ఉత్తర్వులిచ్చింది. 13 వేలకు పైగా జాబితాలు తొలగిపోయాయి.

సామాను కోసం చివరి వరుస సీటు పీకించడం మరో సంగతి. సీట్ల సంఖ్య ఆర్‌సీలో రాసి ఉంటుంది, దాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. మడిచి పెట్టుకుంటే ఏ చిక్కూ లేదు.

తీసిన ప్రతి భాగాన్నీ దాని స్క్రూలతో సహా సంచిలో వేసి, పేరు రాసి దాచాలి. కారు అమ్మేటప్పుడు కొనేవారు అడిగేది వాటినే. ఫ్యాక్టరీ సామాన్ల విలువ కారు బీమా విలువలోనే కలిసి ఉంటుంది. విడిగా కొన్నవాటిని పాలసీలో విడిగా చూపిస్తారు కాబట్టి, అలాంటివి తీసేస్తే రెన్యువల్ సమయంలో బీమా కంపెనీకి చెప్పి ఆ మేరకు ప్రీమియం తగ్గించుకోవచ్చు.