మరణం గుర్తుంటే చదువు ఆగదు

పుట్టిన ప్రతి మనిషీ ఏదో ఒక రోజు చనిపోక తప్పదు. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ ఎవరైనా ఆ మాట ఎత్తితే "అశుభం, ఇప్పుడెందుకు" అని పెద్దలు కసురుకుంటారు. తెలిసిన నిజాన్ని మరచిపోయి బ్రతకడం మంచిదా, గుర్తుంచుకొని బ్రతకడం మంచిదా? విద్యార్థులుగా మేము ఆలోచించిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

బిడ్డను పోగొట్టుకున్న కిసాగోతమి బుద్ధుని వద్దకు వచ్చి, బ్రతికించమని వేడుకుంది. చావు ఎరుగని ఇంటి నుండి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, చావు లేని ఇల్లు మాత్రం దొరకలేదు. ఆ దుఃఖం తన ఒక్కదానిదే కాదని ఆమెకు అర్థమయింది.

డాక్టర్ అంబేద్కర్ చిన్నతనంలోనే తల్లిని కోల్పోయారు. తరువాత నలుగురు బిడ్డలను, 1935లో భార్య రమాబాయిని కోల్పోయారు. చివరి సంవత్సరాలలో మధుమేహంతో బాధపడ్డారు. అయినా పని ఆపలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. "బుద్ధుడు-ఆయన ధమ్మం" గ్రంథాన్ని పూర్తి చేశారు. డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. దీక్షకూ మరణానికీ మధ్య ఉన్నవి 53 రోజులే. ఆ గ్రంథం 1957లో వెలువడింది. ఆరోగ్యం బాగుపడ్డాక చూద్దామని ఆయన అనుకొని ఉంటే ఆ రెండు పనులూ మిగిలిపోయేవి.

"ఎలాగూ పోయేవాళ్ళమే, చదివి ఏం లాభం?" అని కొందరు మిత్రులు అంటారు. మనం పోయినా మన పని పోదు. ఒక ఇంట్లో మొదటిసారి ఒకరు చదువుకుంటే ఆ వెలుగు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అందుతుంది. రోజులు లెక్కకు ఉన్నాయి కాబట్టే వాటికి విలువ.

మన హాస్టళ్ళలో తల్లి లేనివారు, తండ్రి లేనివారు ఉన్నారు. దినం అయ్యాక ఇంటి నుండి తిరిగి వచ్చిన మిత్రునితో ఏం మాట్లాడాలో తెలియక చాలామంది దూరంగా ఉంటారు. దానివల్ల అతడు మరింత ఒంటరివాడవుతాడు. అతనికి పెద్ద మాటలు అక్కరలేదు. ప్రక్కన కూర్చొని అన్నం తినాలి. రాని రోజుల నోట్సు ఇవ్వాలి. అతడు నాన్న గురించి చెబితే వినాలి.

కాబట్టి మిత్రులారా! మరణానికి భయపడవద్దు, దానిని మరువవద్దు. అమ్మకు వ్రాయవలసిన ఉత్తరం ఈ రోజే వ్రాద్దాం. చదవవలసిన పాఠం ఈ రాత్రే చదువుదాం. అలిగిన స్నేహితుణ్ణి పడుకునేలోపే పలకరిద్దాం.