గ్రుడ్డులో ఈక పుట్టుక

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలలో నాటుకోడిచే గ్రుడ్లు పొదిగించుట పూర్వమునుండి వచ్చుచున్న వాడుక. గంపలో గడ్డి పరచి, గ్రుడ్లు పేర్చి, వానిపై కోడిని కూర్చుండబెట్టి ఇల్లాండ్రు దినములు లెక్కించుచుందురు. సుమారు 21వ దినమున పిల్ల పెంకును పగులగొట్టుకొని వెలువడును. అప్పుడది తడిసి బక్కగా నుండును. కొన్ని గంటలు గడచునప్పటికి మెత్తని నూగుతో బంతివలె గుండ్రముగా కనుపించును. ఆ నూగు అప్పటికప్పుడు మొలచినది కాదు. దానికి పునాది రెండువారములకు ముందే పెంకులోపల పడినది.

పొదుగు ప్రారంభమైన తొలిదినములలో పిండము చర్మము నున్నగా నుండును. ఆ చర్మములో పైపొర, అడుగుపొర యని రెండు కలవు. సుమారు ఏడవ దినమున వీపు నడుమ పైపొర అక్కడక్కడ దళసరియగును. దానిక్రింద అడుగుపొర కణములు గుంపుగూడును. ఇవియే ఈకల మొగ్గలు. తొలి వరుస ఏర్పడిన పిదప దానికి ఇరుప్రక్కల క్రొత్త వరుసలు పుట్టును. ఒక వరుసలోని మొగ్గలు ప్రక్క వరుసలోని సందులకు ఎదురుగా నుండుటచే ఆ యమరిక తేనెపట్టును తలపించును.

ఇంత చక్కని యెడము ఎట్లు కలిగినది? మొగ్గ పుట్టుటకు తోడ్పడు ద్రవ్యములు కొన్ని, దాని చెంతనే మరియొకటి పుట్టకుండ అడ్డుపడునవి కొన్ని చర్మములో పనిచేయును. ఇట్టి ద్రవ్యములవలన చుక్కలు, చారలు వానియంతట నవియే ఏర్పడగలవని ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో గణితముచే నిరూపించెను.

ఏ చోట ఎట్టి ఈక మొలవవలెనో నిర్ణయించునది ఏ పొర? 1954లో కెయిర్న్స్, సాండర్స్ అను శాస్త్రజ్ఞులు కోడిపిండపు తొడలోని అడుగు కణజాలమును రెక్క పైపొర క్రింద నాటిరి. రెక్కపై తొడ ఈకలు మొలచెను! అడుగుపొర ఆజ్ఞ యిచ్చును; పైపొర దానిని నెరవేర్చును. ఒకటి లేనిదే రెండవది వ్యర్థము.

తరువాత మొగ్గ పొడవై మొలకవలె నిలుచును. దాని మొదలు చర్మములోనికి దిగి చిన్న గుంట యేర్పడును. మొలక లోపల నిలువు గట్లు లేచి సన్నని పోగులుగా విడివడును. మన గోళ్లలోను వెండ్రుకలలోను ఉండు కెరాటిన్ జాతి పదార్థమే వానిని గట్టిపరచును. పోగులన్నియు పలుచని ఒరలో నిమిడియుండును. పిల్ల వెలువడి ఆరినపిదప ఆ ఒర రాలిపోవును, నూగు విచ్చుకొనును. ముందుముందు అదే గుంటనుండి నిజమైన ఈక మొలచి నూగును వెలుపలికి నెట్టును.

ఈకలు చలినుండి కాపాడును గాని, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ వంటి సీమలో మండు వేసవియందు బరువగును. కోడికి చెమట పట్టదు. మెడపై ఈకలులేని జాతి కోళ్లు వేడిని తేలికగా వెడలగ్రక్కి యెండకు మేలుగా తాళును. ఆ మెడ బోసిపోవుటకు కారణమును 2011లో ఎడింబరో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మొగ్గలను అణచు సంకేతమొకటి ఆ పిండముల చర్మములో అధికమగును. మెడచర్మము దానికి త్వరగా లొంగును. అట్లు మెడపై మొగ్గలే పుట్టవు.

కావున పొదుగుకోడిని బెదరించి లేపుట తగదు. గ్రుడ్లు మిక్కిలి చల్లారినచో లోపలి పెరుగుదల మందగించును. పిల్ల నశింపనూ వచ్చును. కదలక మెదలక కనుపించు గ్రుడ్డులో క్షణమైనను విశ్రాంతి యెరుగని పని సాగుచున్నదని తెలిసినవాడు దానిని జాగ్రత్తతో ముట్టును.