ఐత్వం తెచ్చిన చిక్కు

విధులు ముగిసిన పిదప కొందరు తోటపని చేస్తారు, కొందరు చదరంగం ఆడతారు. మేము చాలా ఏళ్లుగా శబ్దాలను రికార్డు చేసి, కత్తిరించి, అతికించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు స్వచ్ఛందంగా పనిచేస్తున్నాము. 2000 లో వెలువడిన ఆడాసిటీ కోవకు చెందినదే అది. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, సవరించవచ్చు. జీతం లేదు, ఫిర్యాదులకు మాత్రం లోటు లేదు. మా శ్రీమతి దీనిని ‘రెండవ షిఫ్టు’ అంటుంటారు.

ఒకే ప్రోగ్రాము విండోస్, మాకింతోష్, లినక్స్ అనే మూడు వ్యవస్థలపై నడవవలెనన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. సెకనుకు 48,000 నమూనాలుగా రికార్డు చేసిన పాటను మరొకచోట 44,100 గా భావించి వినిపిస్తే గంట కచేరీ 65 నిమిషాలు దాటుతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది. ఇటువంటి లోపాలను చెవి పట్టేస్తుంది. పట్టలేనివి వేరే ఉన్నవి.

2014 వేసవిలో ఒక సంగీతోపాధ్యాయురాలి నుండి ఫిర్యాదు వచ్చినది. ఎనభై దాటిన తల్లిగారి చేత పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు రెండు గంటలు పాడించి, ఫైలుకు ‘వైశాఖం’ అని తెలుగులో పేరు పెట్టి భద్రపరచబోగా విండోస్‌లో మా ప్రోగ్రాము నిరాకరించినదట. ఏమి చేయాలో తోచక ఆమె దానిని మూసివేశారు, పాటలు పోయినవి. మేము మా లినక్స్ యంత్రంపై అదే పేరుతో ప్రయత్నించి చూశాము. చక్కగా పనిచేసినది. ‘మా వద్ద లోపం కనిపించుట లేదు’ అని జవాబు వ్రాసి ఫిర్యాదును ముగించాము. మోటారు వేడెక్కుతున్నదని చెప్పవచ్చిన ఆపరేటరును, కంట్రోల్ రూములో మీటరు సరిగానే ఉన్నదని త్రిప్పి పంపినట్లయినది.

మూడు వారాలకు రెండవ లేఖ వచ్చినది. కుమారుని మాకింతోష్‌పై మళ్లీ రికార్డు చేశారట. ఈమారు భద్రపడినది కాని, మరునాడు తెరిస్తే ‘శబ్దపు ఫైలు కనబడుట లేదు’ అన్న సందేశం. ఫైలు అదే ఫోల్డరులో కళ్లెదుటే ఉన్నది! రెండవసారి పాడేటప్పుడు అమ్మగారికి రెండు పాటల చరణాలు జ్ఞాపకం రాలేదని చివర వ్రాశారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఒక సహోద్యోగి వద్ద విండోస్ యంత్రం, మరొకరి వద్ద మాకింతోష్ అడిగి తెచ్చుకొన్నాము. విండోస్‌లో మా ప్రోగ్రాము పాత పద్ధతిలో, ‘కోడ్ పేజీ’ అనే చిన్న అక్షరపట్టికను ఆధారం చేసుకొని ఫైళ్లు తెరుస్తున్నది. తెలుగుకు విండోస్‌లో అట్టి పట్టిక లేనే లేదు. మన లిపికి అక్కడ యూనికోడ్ ఒక్కటే దారి. కనుక పేరులోని అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారినవి. ఫైలు పేరులో ప్రశ్నార్థకాన్ని విండోస్ అంగీకరించదు.

మాకింతోష్ సంగతి మరీ విచిత్రం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ వ్రాయవచ్చు, ఎత్వానికి మరొక గుర్తు చేర్చీ వ్రాయవచ్చు. తెరపై రెండూ ఒకటే. ఆనాటి మాకింతోష్ డిస్కు పద్ధతి హెచ్ఎఫ్ఎస్ ప్లస్ దానిని రెండుగా విడదీసి దాచేది. మేము వ్రాసుకొన్న ‘వైశాఖం’ 18 బైట్లు. ఫోల్డరు చూపిన ‘వైశాఖం’ 21 బైట్లు. బైటుకు బైటు పోల్చిన మా ప్రోగ్రాము, ఫైలు లేదని తేల్చినది. లినక్స్ ఇచ్చిన పేరును ఇచ్చినట్లే దాచుకొంటుంది గనుక మాకు ఏదీ కనబడలేదు.

ఫైలును చెరపవద్దని ఆమెకు వెంటనే వ్రాసి, పోల్చేముందు రెండు పేర్లనూ ఒకే రూపానికి తెచ్చే సవరణను నాలుగు రోజులలో పంపాము. విండోస్ సవరణకు మరి రెండు నెలలు పట్టినది. 2017 లో మాకింతోష్‌కు కొత్త డిస్కు పద్ధతి వచ్చినది. కాని పాత డిస్కులు ఇళ్లలో ఉండనే ఉన్నవి. నేటికీ కొత్త కూర్పును విడుదల చేసేముందు మూడు వ్యవస్థలపైనా మేము భద్రపరచే మొదటి ఫైలు పేరు ‘వైశాఖం’.

మొదటి రికార్డింగు మరి దొరకలేదు. రెండవదాని నకలును ఆమె మాకు పంపారు. అందులో ఒక పాట నడుమ అమ్మగారు ఆగి, “తరువాత ఏమిటే?” అని కూతురిని అడగడం వినిపిస్తుంది.