ఎవరికై వ్రాయుదుము?

దినచర్యలో ఒకనాటి నా కోపమును వ్రాసి, ఎవరైన చూతురేమో యని కొట్టివేసితిని. పుస్తకము నా పెట్టెలోనే యున్నది. మరి ఎవరికి జంకితిని?

ఆమ్‌స్టర్‌డాములో నాజీలకు వెరచి దాగియున్న బాలిక అన్నా ఫ్రాంక్, కిట్టి యను ఊహాసఖికి లేఖలుగా తన దినచర్య వ్రాసెడిది. యుద్ధానంతరము ప్రజల దినచర్యలను సేకరింపవలెనని 1944 మార్చి 28న లండను రేడియోలో డచ్చి మంత్రి యొకరు పలుకగా ఆమె ఆలకించెను. మే మాసమున విడికాగితములపై తిరిగి వ్రాయ నారంభించెను: కొన్ని తీసివేసెను, కొన్ని పెంచెను, మనుష్యులకు మారుపేర్లు కూర్చెను. ఆగస్టు 4న పట్టుబడుటతో ఆ పని నిలిచిపోయెను.

ఊహించుకొన్న చదువరి ఆమె కలమునకు నేర్పు నిచ్చెను. కొంత మౌనమును విధించెను. సఖికి చెప్పినదెల్ల లోకమునకు చెప్పగలమా? అయినను ఆమె మొదటి వ్రాతను చింపివేయలేదు. శ్రోతలారా, నేనును ఇక కొట్టివేయను. వేరొక కాగితముపై తిరిగి వ్రాయుదును.