పచ్చగా కనిపించేదంతా అడవేనా? భూదృశ్యాల ఆవరణ సమగ్రతను పటంలో చూపడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు పచ్చదనానికీ ఆవరణ సమగ్రతకూ ఉన్న తేడాను వివరించగలగాలి. ఒక ప్రాంతానికి సమగ్రతా పటం ఎలా తయారవుతుందో చెప్పగలగాలి. అది సంరక్షణ ప్రణాళికకు ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో గుర్తించగలగాలి.

1. పరిచయం

మనం ఉదాహరణగా తీసుకునే ప్రాంతం కృష్ణా జిల్లా మెట్ట. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పడమట నందిగామ వైపు పత్తి, మిరప పండే నల్లరేగడి. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. తూర్పుగా వస్తే తూర్పు కనుమల్లో భాగమైన కొండపల్లి కొండలు, వాటి మీద రిజర్వు అడవి. అక్కడి నుంచి మైలవరం దాటి ఈశాన్యంగా వెళితే రెడ్డిగూడెం మండలం. అక్కడ మామిడి తోటలు, వాటి పక్కనే కొండలు, పొద అడవి.

ఈ ప్రాంతానికి ఏప్రిల్‌లో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని తెరిచారనుకోండి. రెడ్డిగూడెం తోటలు ముదురు పచ్చగా కనిపిస్తాయి. కొండల మీది సహజమైన అడవి గోధుమ రంగులో, ఎండిపోయినట్లు ఉంటుంది. కారణం మీకు తెలిసినదే. ఇక్కడివి శుష్క ఆకురాల్చు అడవులు. వేసవిలో నీటిని కాపాడుకోవడానికి చెట్లు ఆకు రాలుస్తాయి. మామిడి నిత్యహరితం కనుక ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఒక్క చిత్రాన్నే చూసి ప్రణాళిక రాసేవారు ఏం చేస్తారు? పచ్చగా ఉన్నచోట 'అడవి బాగుంది' అంటారు. గోధుమ రంగు చోట 'క్షీణించింది, మొక్కలు నాటాలి' అంటారు. రెండూ తప్పే. రెండవది మరింత ప్రమాదకరం, ఎందుకంటే బాగున్న అడవిలోకి గుంతలు తవ్వే యంత్రం వస్తుంది.

2. సమగ్రత అంటే ఏమిటి?

అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కార్ 1981లో వాగుల ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి ఒక సూచికను ప్రతిపాదించాడు. నీటిలోని రసాయనాలను మాత్రమే కొలిస్తే చాలదని, ఆ వాగులో ఉండవలసిన చేపలు ఉన్నాయో లేవో చూడాలని ఆయన వాదన. ఈ 'ఉండవలసినవి' అన్న మాటలోనే సమగ్రత భావన ఉంది. ఒక చోట ఎంత జీవం ఉందని కాక, ఆ చోటికి సహజమైన జీవం ఎంత మిగిలి ఉందని అడుగుతాం.

దీనిని మూడు కోణాల నుంచి చూస్తారు. ఏయే జాతులు ఉన్నాయన్నది కూర్పు. పెద్ద చెట్లు, చిన్న చెట్లు, పొదలు, గడ్డి, ఎండు మాను ఏ విధంగా అమరి ఉన్నాయన్నది నిర్మాణం. విత్తనాలు వ్యాపించడం, ఆకు కుళ్లి నేలలో కలవడం, వాననీరు ఇంకడం వంటివి విధులు. మామిడి తోటలో విధులు కొంతవరకు జరుగుతాయి. కూర్పు మాత్రం దాదాపు ఒకే జాతి, నిర్మాణం ఒకే వయసు చెట్ల వరుసలు. కాగితపు పరిశ్రమ కోసం పెంచే సుబాబుల్, జామాయిల్ తోటల సంగతీ ఇంతే. పైగా కొన్నేళ్లకొకసారి వాటిని నరుకుతారు. ఈ తోటలు రైతుకు అవసరమైనవే, వాటిని తప్పుపట్టనక్కరలేదు. వాటిని అడవి లెక్కలో వేయడంతోనే పేచీ.

పోల్చడానికి మనకు ఒక ప్రమాణం కావాలి. దానిని ఆధార స్థితి అంటారు. ఆధార స్థితి ప్రతిచోటా దట్టమైన అడవే కాదు. కొండవాలు మీద చిరుమాను, తునికి, బిల్లుడు, మోదుగ, పొనికి కలిసి పెరిగే అడవి ఆధార స్థితి అయితే, రాతినేల మీద ముళ్లపొదలు, గడ్డే ఆధార స్థితి కావచ్చు. అక్కడ చెట్లు పలుచగా ఉండటం లోపం కాదు.

3. రెండు అధికారిక లెక్కలు

భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి, సాధారణంగా రెండేళ్లకొకసారి, దేశ అడవుల నివేదిక ఇస్తోంది. దాని నిర్వచనంలో 1 హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో వృక్ష ఛత్రం 10 శాతం లేదా అంతకు మించి ఉంటే అది అటవీ ఆవరణం. భూమి ఎవరిదైనా, చెట్టు ఏ జాతిదైనా సరే. ఈ లెక్కన మామిడి తోట కూడా అటవీ ఆవరణమే. ఛత్రం 10 శాతం కన్నా తక్కువ ఉన్న పొదనేల అందులోకి రాదు, దానిని విడిగా 'పొద' వర్గంలో చూపుతారు.

మరోవైపు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో తయారైన భారత బంజరు భూముల అట్లాసులో పొదనేల ఒక బంజరు వర్గం. రెండు పటాలూ కలిపి చూస్తే, తోట అడవిగానూ, నక్కలూ నెమళ్లూ బతికే సహజమైన పొదనేల బంజరుగానూ కనిపిస్తాయి. ఇందులో ఆయా సంస్థల తప్పేమీ లేదు. ఒకటి చెట్ల నీడను కొలిచింది, మరొకటి సాగు దృష్టితో నేలను చూసింది. సమగ్రతను కొలవమని వాటిని ఎవరూ అడగలేదు. కానీ బంజరు అన్న పేరు పడిన నేలను గనికో, కర్మాగారానికో, తోటకో ఇవ్వడం సులభమవుతుందని మరిచిపోకండి.

4. పటం తయారుచేసే క్రమం

మొదటి పని కాలాన్ని సరిచేయడం. వృక్షజాల సూచికను లెక్కించడానికి సమీప పరారుణ కాంతి పరావర్తనం నుంచి ఎరుపు కాంతి పరావర్తనాన్ని తీసివేసి, వచ్చినదాన్ని ఆ రెంటి మొత్తంతో భాగిస్తారు. ఊహించిన విలువలతో చూడండి. ఏప్రిల్‌లో మామిడి తోటకు పరారుణం 0.40, ఎరుపు 0.05 అయితే సూచిక 0.35 ÷ 0.45, అంటే సుమారు 0.78. ఆకు రాల్చిన అడవికి 0.25, 0.15 అయితే సూచిక 0.25 మాత్రమే. అక్టోబరులో అడవి విలువ బాగా పెరుగుతుంది, తోట విలువ పెద్దగా మారదు. కాబట్టి ఒక్క తేదీ విలువ కన్నా, రెండు తేదీల మధ్య వచ్చే ఎగుడుదిగుడే ఆకురాల్చు అడవికి ఆనవాలు. 2015 నుంచి అందుతున్న సెంటినెల్-2 చిత్రాలలో ఒక పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. ఈ పనికి అది సరిపోతుంది. పాత స్థితి కోసం 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రాలను, సర్వే ఆఫ్ ఇండియా పటాలను చూడాలి.

రెండవది ముక్కలు కావడాన్ని కొలవడం. దీనిని లెక్క చేసి చూస్తేనే తీవ్రత తెలుస్తుంది. 1,000 మీటర్ల భుజం గల చదరపు అడవి విస్తీర్ణం 100 హెక్టార్లు. అంచు నుంచి 100 మీటర్ల లోపలి వరకు ఎండ, గాలి, పశువులు, మంటల ప్రభావం ఉంటుందనుకుందాం. అప్పుడు అంతర్భాగం 800 × 800 మీటర్లు, అంటే 64 హెక్టార్లు. ఇప్పుడు మధ్యగా రెండు దారులు అడ్డంగా, నిలువుగా వేశారు. అడవి నాలుగు 25 హెక్టార్ల ముక్కలైంది. ఒక్కొక్క ముక్క అంతర్భాగం 300 × 300 మీటర్లు, అంటే 9 హెక్టార్లు. నాలుగూ కలిపితే 36. దారుల కింద పోయిన అడవి చాలా స్వల్పం. అంతర్భాగం మాత్రం 64 నుంచి 36కు పడిపోయింది. కంకర క్వారీకి దారి ఇవ్వమని వచ్చే దరఖాస్తులో దారి కింద పోయే నేల మాత్రమే ఉంటుంది. ఈ 28 హెక్టార్లు ఉండవు.

అనుసంధానం కూడా ఇందులో భాగమే. కొండపల్లి అడవికీ రెడ్డిగూడెం వైపు కొండలకూ నడుమ విజయవాడ నుంచి ఉత్తరంగా మైలవరం, తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఊళ్లు, పొలాలు, తోటలు సరే సరి. ఇక్కడ మామిడి తోట విలువ మారుతుంది. అది అడవి కాకపోయినా, ఒక కొండ నుంచి మరో కొండకు వెళ్లే జంతువుకు రాత్రిపూట దాటడానికి వీలైన చోటు. కంచె వేస్తే ఆ వీలు పోతుంది. అందువల్ల కూర్పులో తక్కువ మార్కు వచ్చిన తోటకే అనుసంధానంలో మంచి మార్కు రావచ్చు.

మూడవది ఈ మార్కులను కలపడం. సాధారణంగా సగటు తీస్తారు. అదే చిక్కు. ఒక తోటకు ఛత్రంలో 9, కూర్పులో 1, నిర్మాణంలో 2 వచ్చాయనుకోండి. సగటు 4. కొంత దెబ్బతిన్న సహజమైన అడవికి మూడింటిలోనూ 4 వచ్చాయి. సగటు మళ్లీ 4. సగటు తీసినప్పుడు ఛత్రంలోని 9 కూర్పులోని 1ని కప్పేసింది. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే తోటకు సుమారు 2.6, అడవికి 4 వస్తుంది. పటం గీసేవారు ఏ పద్ధతి ఎంచుకున్నారో పటం అడుగున రాయాలి. రాయని పటాన్ని నమ్మకండి.

5. నేల మీద సరిచూడటం

ఉపగ్రహానికి చెట్టు పేరు తెలియదు. సర్కారు తుమ్మ, లంటానా అడవిలోకి చొరబడితే పై నుంచి పచ్చదనం పెరిగినట్లే కనిపిస్తుంది, కూర్పు మాత్రం చెడిపోతుంది. అందువల్ల ఎంపిక చేసిన చోట్ల నడిచి, జాతులను లెక్కించాలి.

ఈ ప్రాంతంలో దీనికి చక్కని ఆనవాలు తెల్లపొనికి. కొండపల్లి బొమ్మలకు వాడే తేలికైన, మెత్తని చెక్క ఈ చెట్టుదే. రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో భాగాలను అతికే పద్ధతి బొమ్మల వారికి తరతరాలుగా వస్తున్నది, కానీ చెక్క దొరకడం కష్టమైపోయింది. పటంలో పచ్చదనం తగ్గని చోట కూడా పొనికి తగ్గిపోవచ్చు. బొమ్మల వారిని, మేకల కాపరులను ఈ మూడు ప్రశ్నలు అడగండి: పొనికి ఇప్పుడు ఎక్కడ ఉంది, 20 ఏళ్ల కిందట ఎక్కడ ఉండేది, లేత మొక్కలు కనిపిస్తున్నాయా? మూడవ ప్రశ్నే కీలకం. పెద్ద చెట్లు ఉండి లేత మొక్కలు లేకపోతే, ఆ అడవి ఇవాళ బాగున్నట్లు కనిపించినా దాని రేపటి తరం మొలవలేదన్నమాట.

6. ప్రణాళికలో వినియోగం

సమగ్రతా పటం చేతికి వచ్చాక మూడు రకాల నిర్ణయాలు వీలవుతాయి. ఎక్కువ మార్కు వచ్చిన అంతర్భాగాల్లోకి దారి, క్వారీ రానివ్వకూడదు. మధ్యస్థమైన చోట మంటలు, మేత అదుపు చేసి అడవిని దానంతట అదే కోలుకోనివ్వాలి, అవసరమైతే పొనికి వంటి స్థానిక జాతులు నాటాలి. తక్కువ మార్కు వచ్చినా అనుసంధానానికి కీలకమైన చోట రైతులతో మాట్లాడాలి. అధికారిక ప్రణాళికల్లో చాలా వరకు రెండవ పనికే, అందులోనూ నాటడానికే ప్రాధాన్యం దక్కుతుంది. లెక్క చూపడం తేలిక కనుక.

2020లో వెలువడిన ప్రపంచ అటవీ సమగ్రతా సూచిక మిగిలిన అడవులలో సుమారు 40 శాతానికే అధిక సమగ్రత ఉందని తేల్చింది. 2022 డిసెంబరులో ఆమోదించిన కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందం లక్ష్యాలలోనూ సమగ్రత, అనుసంధానం అన్న మాటలు చోటు చేసుకున్నాయి. అయితే ప్రపంచ పటంలో రెడ్డిగూడెం కొండలు కొన్ని చుక్కలు మాత్రమే. మండల స్థాయి నిర్ణయానికి మండల స్థాయి పటమే కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మీ మండలానికి ఏప్రిల్, అక్టోబరు నెలల ఉపగ్రహ చిత్రాలు చూసి, రంగు బాగా మారిన 5 చోట్లు, మారని 5 చోట్లు గుర్తించండి. వాటిలో కనీసం రెండింటికి స్వయంగా వెళ్లి, ఏముందో రాయండి.

2. 4,000 మీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు గల అడవి విస్తీర్ణం కూడా 100 హెక్టార్లే. అంచు ప్రభావం 100 మీటర్లయితే అంతర్భాగం ఎంత? (జవాబు: 3,800 × 50 మీటర్లు, అంటే 19 హెక్టార్లు.)

3. మీ ఊరి రెవెన్యూ రికార్డులో బంజరుగా ఉన్న ఒక నేలను ఎంచుకోండి. అక్కడ మేసేవి, గూడు కట్టేవి, మొలిచేవి ఏమిటో ఒక పేజీలో రాసి, ఆ పేరు దానికి తగునో కాదో చర్చించండి.