మాఱుచున్న ఎండలును బాలుర యారోగ్యమును

లాలాపేటనుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వేసవి మధ్యాహ్నమున నడచినవారికి ఒక విషయము శాస్త్రము చదువకయే తెలియును. విశ్వవిద్యాలయపు చెట్లనీడలో ఓర్వదగియున్న ఎండయే రేకుల యిండ్లు క్రిక్కిరిసిన సందులలో దుర్భరమగును. భూమి వేడెక్కుచున్నదని విను నపుడు ఆ వేడి యెవరి నెట్లు తాకునో విచారింపవలెను. ఇచట బాలుర సంగతి మాత్రము విచారింతము.

బొగ్గు, పెట్రోలు మొదలగువానిని దహించుటవలన గాలిలో కార్బన్ డయాక్సైడు పెరుగుచున్నది. యంత్రపరిశ్రమలకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుండిన యీ వాయువు నేడు 420 పాళ్లను మించినది. భూమి విడుచు వేడిని ఇది పైకి పోనీయదు. తీవ్రమైన వేసవులు తఱచగుటకు ఇదియే హేతువు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బచే వేయిమందికి పైగా మృతినొందిరి.

బాలుడనగా చిన్న కొలతలో చేసిన పెద్దవాడు కాడు. బరువునుబట్టి చూచిన వానికి చర్మపు వైశాల్యము హెచ్చు. కావున బయటి వేడి త్వరగా లోనికి చేరును. చెమటయు తక్కువ పోయును. పసివాని బరువులో నాలుగింట మూడు పాళ్లు నీరే. అతిసారము తగిలినచో ఆ నీరు వేగముగా తఱిగి కన్నులు గుంటలు పడును. పైగా దాహమని చెప్పుటకు వానికి మాటలు రావు. ఆటలో మునిగిన పదేండ్లవానికి మాటలు వచ్చినను దాహము తోపదు!

పగలు కాగిన రేకులును సిమెంటు గోడలును రాత్రి యా వేడిని విడుచును. నిద్ర చెడిన బాలుడు మఱునాడు తరగతిలో కునుకుచుండగా సోమరియని దండించుట న్యాయమా? తెలంగాణమున మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు పెట్టుదురు. మంచి యేర్పాటే. కాని పండ్రెండున్నరకు బడి విడువగా బాలు రిండ్లకు నడచునది సరిగా నడినెత్తి ఎండలోనే.

ఇక నీటి సంగతి. కుళాయి ప్రతిదినము రాని యిండ్లలో డ్రములయందును తొట్లయందును నీరు నిలువ చేయుదురు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురికి గుంటలకంటె ఇట్టి తేటనీటినే కోరును; పగటివేళ కుట్టును గనుక రాత్రి దోమతెర కట్టుకొన్నంత మాత్రమున రక్షణ చాలదు. దోమ దేహమున ఆ విషక్రిమి పెంపొందుటకు 25 డిగ్రీల వేడిలో సుమారు రెండు వారములు పట్టగా, 30 డిగ్రీలలో సుమారొక వారమే చాలును. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొనినది మన బేగంపేటలోనే. ఆ భవనము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనమున నున్నది.

నీరు తక్కువైనపుడే గాక హెచ్చైనపుడును కీడు కలదు. వేడిగాలి తేమను హెచ్చుగా మోయును. కావున కురిసినపుడు కుంభవృష్టి యగును. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు పేటలనేకములు మునిగినవి. వరదనీరు త్రాగునీటిలో కలిసినచోట అతిసారము పుట్టును. అట్టియెడ లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరయు అరచెంచా ఉప్పును, చెంచా తలగొట్టి కొలిచి, కలిపి మాటిమాటికి త్రాగించుచు వైద్యునికడకు గొనిపోవలెను. ఉప్పు మితిమీఱరాదు.

ఎవరును తలపని మార్గమింకొకటి గలదు, అది అన్నము. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాలనుండి పెరిగి, 1958లో ఇచటికి వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆ 1918లోనే వెలసినది! పోషణము లేనిదే ఆరోగ్యము లేదని ఆ సంస్థ పనియే చాటుచున్నది. అయితే కార్బన్ డయాక్సైడు 550 పాళ్లున్న గాలిలో పెంచిన వరిగింజలో మాంసకృత్తులు నూటికి సుమారు 8 పాళ్లును, జింకు 3 పాళ్లును తగ్గినవని 2014లో వెలువడిన యొక పరిశోధన తెలుపుచున్నది. మూడు పాళ్లేకదా యనవచ్చును. పప్పు, పాలు, గ్రుడ్డు తినువానికి అది లెక్కకు రాదు. అన్నమును పలుచని చారును తప్ప మఱేమియు దొరకని వానికి వచ్చును. పళ్లెము నిండుగానే యుండును, కాని పిల్లవాడు చిక్కిపోవును.

జొన్నయందు ఈ తఱుగుదల యంతగా కానరాలేదు. అది కొద్దిపాటి నీటితోడనే పండును. తెలంగాణపు ముదుసళ్లలో పెక్కురు జొన్నరొట్టెయు గటకయు తినియే పెరిగిరి. వారి మనుమలలో చాలమంది దాని రుచి యెఱుగరు.